నలభై ఒకటో పేజీ

పొయ్యి మీద రవ్వ వేగుతోంది. డాక్టర్ శ్యాంసుందర్ వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి మాత్రం అడుగు పెట్టకుండా, "విజయా, నా నీలం షర్ట్ ఇస్త్రీ అయిందా?" అని అడిగాడు. అయింది, హాల్లో కుర్చీ మీద ఉందని చెప్పింది విజయశ్రీ. "మరి నా థీసిస్?" అన్నాడు. అదీ అయింది, ప్రింట్ తీయించి టేబుల్ మీద పెట్టానంది. "శాబాష్" అని వెనక్కి తిరిగాడు.

రెండు ప్రశ్నలూ ఒకే గొంతుతో వచ్చాయి. ఇస్త్రీ ఎవరు చేసినా షర్ట్ తొడుక్కునేవాడిదే అయినట్టు, ఎవరు రాసినా థీసిస్ సంతకం పెట్టేవాడిదే. ఇందులో ఆయనకు పొరపాటేమీ కనిపించదు. దొంగతనానికి వచ్చినవాడైనా ఒకసారి అటూ ఇటూ చూస్తాడు. ఈయనకు ఆ శ్రమ కూడా లేదు. టేబుల్ దగ్గర నిలబడి నూట పన్నెండు పేజీల కట్టను చేత్తో ఎత్తి చూసి, "బాగ లావుగనే అయింది" అని మెచ్చుకున్నాడు. పసుపు కాగితాలు అంటించిన మూడు చోట్లా సంతకం పెట్టాడు. తర్వాత ఉప్మాలోకి నిమ్మకాయ లేదా అని అడిగాడు.

విజయశ్రీ నిమ్మకాయ కోసి ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది గాని, అప్పటికి చేతులకు అలవాటైపోయింది.

ఇల్లు పైన, దవాఖాన కింద. హనుమకొండలో ఆ సందులోకి తిరగగానే 'మొగిలమ్మ ఎముకల దవాఖాన' అనే బోర్డు కనిపిస్తుంది. మొగిలమ్మ శ్యాంసుందర్ తల్లి. ఆమె పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. కింద శ్యాంసుందర్ పేరు, ఆ పేరు వెనక డిగ్రీలు వరుసగా ఉంటాయి. అన్నిటికంటే కింద 'ఇచ్చట ఫిజియోథెరపీ కలదు' అని ఉంటుంది. పదమూడేళ్లుగా ఆ కలదు విజయశ్రీయే. వెనక గదిలో, రెండు మంచాలు, భుజం నొప్పులవాళ్లకు ఒక గోడ నిచ్చెన, కాపడానికి ఒక మైనపు తొట్టి మధ్య పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండింటిదాకా, మళ్లీ ఐదు నుంచి ఎనిమిదిదాకా ఉంటుంది. నడుమ దొరికే మూడు గంటలు ఇంటివి. కొత్తగా చేరిన కాంపౌండర్ కూడా ఆపరేషన్లకు వచ్చే మత్తు డాక్టరమ్మను మేడం అంటాడు, విజయశ్రీని అమ్మ అంటాడు. అమ్మ అనే మాట గౌరవమేనని శ్యాంసుందర్ ఒకసారి వివరించాడు. ఎవరైనా పెద్ద డాక్టర్లు వస్తే, "మా మిసెస్. ఎక్సర్‌సైజులు చేపిస్తది" అని పరిచయం చేస్తాడు. చెబుతున్నప్పుడు చేతులు రెండూ పైకీ కిందికీ ఊపి చూపిస్తాడు, బడిలో డ్రిల్లు చేయించినట్టు.

మొగిలమ్మ అంత దూరం పోదు. ఆమెకు ఒకటే మాట ఉంది. "కాళ్లు ఒత్తే పనికి గంత సదువు దేనికే?" అంటుంది. అని, సాయంత్రం మంచం మీద కాళ్లు చాపుకుని, "సదువుకున్న చేతులు కద, జర మంచిగ ఒత్తు" అంటుంది. ఈ రెండు మాటలకూ పొసగదని ఆమెకు పదమూడేళ్లలో ఒక్కసారైనా తట్టలేదు.

విజయశ్రీ చదివింది నాలుగున్నరేళ్ల ఫిజియోథెరపీ డిగ్రీ. పెళ్లప్పుడు, "పీజీ తర్వాత చేద్దువు తియ్యి" అన్నాడు శ్యాంసుందర్. తర్వాత దవాఖాన పెట్టారు, తర్వాత కూతురు రమ పుట్టింది, తర్వాత మొగిలమ్మకు షుగర్ వచ్చింది. ఆ తర్వాత అనేది అలా ముందుకు జరుగుతూనే పోయింది. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం, మైనపు తొట్టి వేడెక్కేలోగా ఫోన్ చూస్తుంటే ఆ ప్రకటన కనిపించింది. విదేశంలోని ఒక యూనివర్సిటీ, తుంటి నుంచి పాదం దాకా కాలి ఎముకలు, కీళ్ల మీద పోస్ట్‌గ్రాడ్యుయేట్ కోర్సు పెట్టింది. రెండేళ్లు, ఇంటి దగ్గరే ఉండి చదవొచ్చు. డాక్టర్లే చేయాలని లేదు, ఫిజియోథెరపిస్టులు, నర్సులు కూడా చేయొచ్చు. ఆ చివరి వాక్యాన్ని ఆమె నాలుగుసార్లు చదివింది. తొట్టిలో మైనం పూర్తిగా కరిగేదాకా చదివింది.

ఆ సాయంత్రమే చూపించింది. శ్యాంసుందర్ ఫోన్ తీసుకుని, కిందికీ మీదికీ జరిపి చూసి, "మంచిగుంది. నేను జేస్త" అన్నాడు.

"నేను చేద్దామని చూపించిన" అంది.

"ఒక్క ఇంట్ల రెండు పీజీలెందుకు? నేను జేస్తె బోర్డు మీద ఇంకో లైన్ పడ్తది. నువ్వు జేస్తె ఏడ పెడ్తవ్, వంటింట్లనా?" అని నవ్వాడు. తన హాస్యానికి తానే నవ్వడం ఆయనకు ఎప్పుడూ ఉన్నదే. ఆ తర్వాత బుజ్జగింపుగా, "నువ్వు జర సాయం జెయ్యి" అన్నాడు.

సాయం. పెళ్లిలో పెట్టెడు చీరలతో పాటు ఆమెకు దక్కిన మాట అది. వంట ఆమె పని, దవాఖానలో సాయం. పిల్ల ఆమె పని, పేషెంట్లకు సాయం. అలా మొదలైన సాయం మొదటి నెలలోనే ఆయనను లాగిన్ పాస్‌వర్డ్ కూడా మరిచిపోయే స్థితికి తెచ్చింది. పాఠాలు ఆమె వింది. అసైన్‌మెంట్లు పదకొండూ ఆమె రాసింది. తోటి విద్యార్థుల చర్చల్లో శ్యాంసుందర్ అనే పేరుతో ఎక్కడెక్కడి డాక్టర్లతోనో వాదించి గెలిచింది. ఒకసారి ఒక పెద్ద సర్జన్, 'డాక్టర్ శ్యాం, మీ పరిశీలన అద్భుతం' అని రాస్తే, అది చదివి వినిపించింది. "గట్లనా? థాంక్స్ అని కొట్టు" అన్నాడు, క్రికెట్ మీంచి కళ్లు తిప్పకుండా.

నిజం చెప్పాలంటే ఆమెకు అప్పుడు ఆయన మీద కోపం కంటే తన మీద అసహ్యం ఎక్కువ వేసింది. చదువు రుచిగా ఉంది. ఎవరి కంచంలోది తింటున్నానని అడగకుండా తింటూ పోయింది. పేరు ఆయనదైతేనేం, తెలిసింది నాకే కదా అని సర్ది చెప్పుకుంది. ఇలాంటి సర్దుబాట్లు చెప్పుకోవడంలో ఆమెకు ఏ కోర్సూ అక్కర్లేదు.

థీసిస్ దగ్గర మాత్రం అది సాయం కాకుండా పోయింది. అంశం ఆమె సొంతం. విజయశ్రీ పుట్టింది వరంగల్ కొత్తవాడలో. తండ్రి నర్సింగం జంపఖానలు నేసేవాడు. గుంట మగ్గం అంటే నేలలో నడుము లోతు గుంట, గుంట అంచున పీట. పీట మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలను పొద్దంతా తొక్కుతూ ఉండాలి. నర్సింగానికి మోకాలు నొప్పి అన్నారు. ఏడేళ్లు మోకాలికి సూదులేశారు, తైలాలు పూశారు, పట్టీలు కట్టారు. ఆయన గుంటలోంచి లేచేటప్పుడు చిన్నపిల్లగా విజయశ్రీ చూసేది. చేతులు అంచు మీద ఆనించి, ఒంటిని మొత్తం పక్కకు తిప్పి, కుడికాలిని కర్రలాగ బిగబట్టి బయటికి లాగేవాడు. ఆ కాలు మోకాలి దగ్గర మంచిగనే వంగేది. తుంటి దగ్గర మాత్రం తిరిగేది కాదు. జబ్బు తుంటిలో ఉంది, నొప్పి మోకాలికి దిగుతోంది. డిగ్రీ రెండో ఏడు పుస్తకంలో అది చదివిన రోజు ఆమె లైబ్రరీలోనే ఏడ్చింది. అప్పటికి నర్సింగం పోయి పది నెలలు.

అందుకే నలభై మూడు మంది నేతకార్మికులను చూసింది. మధ్యాహ్నపు మూడు గంటల్లో, కూరగాయలకని చెప్పి కొత్తవాడ వెళ్లేది. మగ్గం దగ్గరే కూర్చోబెట్టి, గుంటలోంచి లేవమని, లేచేటప్పుడు కాలు ఎటు తిప్పుతున్నారో రాసుకునేది. లేచేటప్పుడు కాలును లోపలికి తిప్పలేక ఒంటినే తిప్పేవాళ్లలో ఎక్కువమందికి ఎక్స్‌రే తీస్తే తుంటి అరిగి ఉంది. వాళ్లలో సగానికి సగం మంది మోకాలికి మందులు వాడుతున్నారు. మగ్గం లేనిచోట మంచం అంచున కూర్చోబెట్టి కూడా ఇది చూడొచ్చు. దానికి ఆమె గుంట పరీక్ష అని పేరు పెట్టింది. నలభై ఒకటో పేజీలో, బొమ్మ గీసి మరీ రాసింది. ఆ పేజీ రాసిన సాయంత్రం మొగిలమ్మ కాళ్లు ఒత్తుతూ లోపల్లోపల పాట పాడుకుంది.

ఆ నలభై మూడు మందిలో పదిహేడోవాడు కట్టయ్య. నర్సింగం పక్క మగ్గం వాడు, వరసకు మామ. డెబ్బై దగ్గర పడ్డా ఇంకా నేస్తాడు. అప్పుడు ఎక్స్‌రేకు రానన్నవాడు, థీసిస్ పంపిన రెండు నెలలకు విజయశ్రీ మాట విని దవాఖానకు వచ్చాడు. అదే ఆమె చేసిన తప్పు. ఆమె వెనక గదిలో వేరే పేషెంట్‌తో ఉండగా, కట్టయ్య నేరుగా ముందు గదికి వెళ్లి, "మోకాలు గుంజుతాంది సారూ" అన్నాడు. శ్యాంసుందర్ మోకాలి ఎక్స్‌రే తీయించాడు. డెబ్బై ఏళ్ల మోకాలు ఎక్స్‌రేలో ఎవరిదైనా ఏదో ఒకటి చూపిస్తుంది. లైటు ముందు పెట్టి చూసి, "అరిగింది. మార్చాలె. సోమవారం పెట్టుకుందాం" అన్నాడు. ఇదంతా ఫోన్ మాట్లాడుతూనే.

విజయశ్రీ సంగతి తెలిసి ముందు గదికి వచ్చింది. "ఒకసారి తుంటి చూడండి. పడుకోబెట్టి కాలు లోపలికి తిప్పండి. మోకాలు మంచిగనే ఉంది" అంది. కాంపౌండర్ ఉన్నాడు, మందుల కంపెనీ ప్రతినిధి ఉన్నాడు. శ్యాంసుందర్ ముందు వాళ్ల మొహాలు చూసి, తర్వాత ఆమె మొహం చూశాడు.

"ఫిజియో ఫిజియో లెక్క ఉండాలె విజయా" అన్నాడు. ప్రతినిధి కిటికీలోంచి బయటికి చూశాడు. వాడికైనా సిగ్గు ఉంది.

ఆ మధ్యాహ్నం పైకి వచ్చాక శ్యాంసుందర్ మెత్తబడ్డాడు. ఎందుకంటే వైవా వచ్చింది. యూనివర్సిటీ వాళ్లు శుక్రవారం ఉదయం కంప్యూటర్‌లో కూర్చుంటారు. ఆయన ఒక పేషెంట్‌ను వాళ్ల ఎదుట పరీక్షించి, థీసిస్ మీద ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. పేషెంట్‌గా కట్టయ్యను పెట్టుకుందామన్నాడు. "ఫైల్ రెడీగున్నది, ఎట్లాగూ సోమవారం ఆపరేషనే. థీసిస్ మనిషి గూడ ఆయె, నీకు తెల్సినోడే" అన్నాడు. ఆయనకు తన థీసిస్ గురించి తెలిసింది, అందులో ఉన్నది కొత్తవాడ వాళ్లని మాత్రమే.

"అయితే నలభై ఒకటో పేజీ చదువుండ్రి. దాని మీదనే అడుగుతరు" అంది.

"అన్నీ ఏడ చదువుత? నువ్వు అట్టలు రాయి."

అంటే, ఆమె లాప్‌టాప్ వెనక నిలబడి, పెద్ద అక్షరాలతో రాసిన అట్టలు ఎత్తి పట్టుకోవాలి. ఆయన దగ్గితే తర్వాతి అట్ట. ముక్కు రుద్దుకుంటే మళ్లీ వెనకటి అట్ట. ఈ ఏర్పాటు వివరిస్తున్నప్పుడు ఆయన కళ్లలో మెరుపు చూసి విజయశ్రీ ఆశ్చర్యపోయింది. రెండేళ్లలో ఆ చదువు గురించి ఆయన స్వయంగా ఆలోచించింది అదొక్కటే. ఆమె గురువారం మధ్యాహ్నం కూర్చుని ఇరవై రెండు అట్టలు రాసింది. మోకాలి కొలతలు, ఎక్స్‌రే గ్రేడులు, ఆపరేషన్ ఎవరికి, ఎప్పుడు, అన్నీ ఆయన అడిగినవే. గుంట పరీక్ష అడగలేదు, ఆమె రాయలేదు. ఒక ఖాళీ అట్ట, స్కెచ్ పెన్ను మాత్రం పక్కన పెట్టుకుంది. అనుకోనిది అడిగితే అప్పటికప్పుడు రాయాలి కదా. అది కూడా ఆయన సలహాయే.

శుక్రవారం పదింటికి వెనక గదిలో స్టూలు మీద లాప్‌టాప్ పెట్టారు. నీలం షర్ట్ మీద తెల్లకోటు వేసుకుని శ్యాంసుందర్ కుర్చీలో కూర్చున్నాడు. కట్టయ్య మంచం మీద ఉన్నాడు. భార్య సమ్మమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. తెర మీద ఇద్దరు పరీక్షకులు. ఒకాయన విదేశీయుడు, పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడింది హైదరాబాద్‌లో ఉండే డాక్టర్ సుకన్య. తల నెరిసింది, కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని చూస్తుంది.

మొదటి పావుగంట అట్టలు బాగా పని చేశాయి. శ్యాంసుందర్ దగ్గాడు, విజయశ్రీ ఎత్తింది. కోరింత దగ్గు వచ్చినవాడిలా దగ్గుతుంటే సుకన్య మంచినీళ్లు తాగమని కూడా అంది. మోకాలిని ముట్టి, వంచి, కొలిచి, "మోకాలు మార్పిడి అవసరం. సోమవారం నేనే చేస్తున్నాను" అని ఇంగ్లీషులో గంభీరంగా చెప్పాడు. తుంటి జోలికి పోలేదు. కట్టయ్యను నడిపించనూ లేదు. మనిషి మంచం మీదికి ఎట్లా ఎక్కాడో కూడా చూడలేదు.

సుకన్య కళ్లజోడు తీసింది. "డాక్టర్ శ్యాంసుందర్, మీ థీసిస్ నలభై ఒకటో పేజీ నేను మూడుసార్లు చదివాను. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇట్లాంటి పరిశీలన నాకు తట్టలేదు. ఇది రాసినవాళ్లు పేషెంట్‌ను కళ్లతో చూశారు. చాలా సంతోషం."

"థాంక్యూ మేడం" అన్నాడు శ్యాంసుందర్, కోటు సర్దుకుంటూ.

లాప్‌టాప్ వెనక విజయశ్రీ చేతిలోని అట్టను కిందికి దించింది. పదమూడేళ్లలో ఆమె పనిని ఆ పని తెలిసినవాళ్లు మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మాట ఆమె తల మీదుగా ఎగిరి వెళ్లి కోటు జేబులో పడింది. నాది, అని అరవాలనిపించింది. అరవలేదు.

"ఆ గుంట పరీక్ష ఈ పేషెంట్ మీద చేసి చూపించండి" అంది సుకన్య.

శ్యాంసుందర్ దగ్గాడు. అట్ట లేవలేదు. మళ్లీ దగ్గాడు. ముక్కు రుద్దుకున్నాడు. ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. సాక్సులు కనపడనప్పుడు చూసే చూపది. ఖాళీ అట్ట ఆమె ఎడమ చేతిలో ఉంది, పెన్ను కుడి చేతిలో ఉంది. 'అంచున కూర్చోబెట్టి లేపు' అని మూడు మాటలు రాస్తే చాలు. రాస్తే ఆయన పాసవుతాడు. బోర్డు మీద ఇంకో లైన్ పడుతుంది. రేపటి నుంచి ఊళ్లో ప్రతి డాక్టర్‌కూ ఆయన తన గుంట పరీక్ష గురించి చెబుతాడు, ఆమెకు కూడా చెబుతాడు. విజయశ్రీ పెన్నుకు మూత పెట్టింది. మూత పడిన చప్పుడు గదిలో ముగ్గురికీ వినిపించింది.

శ్యాంసుందర్ నిటారుగా కూర్చున్నాడు. ఆయనలో ఎన్నడూ తగ్గనిది ధైర్యం ఒక్కటే. "ఆ టెస్ట్ మా ల్యాబ్‌లో చేయించాం మేడం. రిపోర్ట్ నార్మల్ వచ్చింది" అన్నాడు.

విదేశీయుడు తల దించుకుని ఏదో రాసుకున్నాడు. శ్యాంసుందర్ తాత కూడా మగ్గం గుంటలోనే బతికినవాడు. మొగిలమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో పొద్దంతా నూలు కండెలు చుట్టేది. ఆ ఇంటి మనవడు గుంటను సీసాలో పోసి ల్యాబ్‌కు పంపాడు. విజయశ్రీకి నవ్వు రాలేదు. అంత దగ్గరగా, అంత శ్రద్ధగా ఆయనను ఆమె పెళ్లినాడు కూడా చూడలేదు.

సుకన్య తెలుగులోకి మారింది. "పెద్దాయనా, మగ్గం గుంటలోంచి లేచి చూపించమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"అడిగిండ్రమ్మా" అన్నాడు కట్టయ్య, తనకు తెలిసిన సంగతి ఒకటి వచ్చినందుకు సంబరపడి. "మా నర్సింగం బిడ్డ అడిగింది. మా కొత్తవాడకచ్చి, గుంట పక్కపొంటి కూసోని, దిగు మామా, లే మామా అని పదిమాట్ల లేపింది. గీ అమ్మనే" అని లాప్‌టాప్ వెనక్కి వేలు చూపించాడు.

"మరి డాక్టర్ గారు?"

"సారు నా ఫోటో జూసిండు" అన్నాడు కట్టయ్య. మర్యాద తక్కువైందేమోనని, "మంచిగనే జూసిండు" అని కలిపాడు.

వైవా అయిపోయింది. శ్యాంసుందర్ లాప్‌టాప్ మూసి, "నెట్ స్లో ఉండె, ఆమెకు నా మాట మంచిగ ఇనవడలే" అని పైకి వెళ్లిపోయాడు. విజయశ్రీ వరండాలోకి వచ్చి, బెంచీ మీద సమ్మమ్మ పక్కన కూర్చుంది. "అత్తా, సోమవారం రాకుండ్రి. మామ మోకాలు మంచిగనే ఉన్నది. తుంటి ఎక్స్‌రే తీయాలె. ఎవరి దగ్గరికి పోవాల్నో నేను చీటీ రాసిస్త" అంది.

"సారు ఆపరేషనన్నడు గద బిడ్డా?"

"సారు అన్నడు. నేను వద్దంటున్న."

సమ్మమ్మ చీటీ తీసుకుని కొంగున ముడేసుకుంది. విజయశ్రీ పేరుతో రాసిన మొదటి చీటీ అది. కింద సంతకం పెడుతుంటే వంకర పోయింది.

పైన మొగిలమ్మ కొడుకు గొంతు విని సంగతేందని అడిగింది. ఏదో గుంట టెస్టంట, ల్యాబ్‌ల జేపిచ్చినమని చెప్పిన, అని విసుక్కున్నాడు శ్యాంసుందర్. మొగిలమ్మ కాళ్లు మంచం మీంచి దించింది. "గుంటను ల్యాబ్‌ల జేపిచ్చుడేందిరా? మీ తాత గుంటల్నే గదరా పానం ఇడిసిండు" అంది. అని, అన్నందుకు తానే గాబరాపడి, అప్పుడే మెట్లెక్కి వచ్చిన కోడలి వైపు చూసింది. ఆ సాయంత్రం కాళ్లు ఒత్తమని పిలవలేదు.

సోమవారం కట్టయ్య రాలేదు. ఆపరేషన్ గది సిద్ధం చేయించి తొమ్మిది దాకా చూసి, "ఈ జనాలకు ఎంత చెప్పినా అంతే" అన్నాడు శ్యాంసుందర్. జనాలకు ఎవరు చెప్పారో అడగలేదు. అడిగితే చెప్పడానికి విజయశ్రీ సిద్ధంగానే ఉంది.

బుధవారం మెయిల్ వచ్చింది. ఆయన మెయిల్ చూసేది ఎప్పుడూ ఆమే కాబట్టి ఆమే చదివి వినిపించింది. థీసిస్ ఉత్తమ స్థాయిలో ఉంది. అభ్యర్థికి మాత్రం దానితో పరిచయం ఉన్నట్టు లేదు. ఈ పని ఎవరు చేశారో ఏడు రోజుల్లో వివరణ ఇవ్వాలి.

శ్యాంసుందర్ మొహం ఎర్రబడింది. రెండు నిమిషాలు ఆ సుకన్యను తిట్టాడు, తర్వాత కట్టయ్యను తిట్టాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఒక్క అట్ట లేపితే నీ సొమ్మేం పోతుండె? గంత చిన్న సాయం జెయ్యలేకపోయినవ్" అన్నాడు. ఆమె లేచి పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. అది ఆయనకు ఒప్పుకోవడంలా కనిపించింది. మెత్తబడ్డాడు.

"సరె, అయిందేదో అయింది. జవాబు నువ్వే రాయి, నీకే మంచిగ రాయ వస్తది. గట్టిగ రాయి. ఈ పనంత ఎవరు జేసిండ్రో సాఫ్ సీదా రాయి. వాండ్లకు ఒక్క అనుమానం గూడ మిగలొద్దు" అన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

విజయశ్రీ లాప్‌టాప్ తెరిచి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. రెండేళ్లుగా ఆ పేరుతో 'నేను' అని వందలసార్లు రాసింది. ఇప్పుడు అదే మాట రాయబోతే వేళ్లు ఒక క్షణం ఆగాయి.

'నా పేరు విజయశ్రీ. నేను ఫిజియోథెరపిస్ట్‌ను. ఈ థీసిస్‌లో ప్రతి అక్షరం నేను రాశాను. నలభై మూడు మందిని నేను చూశాను. పదకొండు అసైన్‌మెంట్లూ నేను చేశాను. నా భర్త వాటిని చదవలేదు, సంతకాలు పెట్టారు. ఆయన పేరుతో రాయడం తప్పు, ఆ తప్పులో నాకూ భాగం ఉంది. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ఒప్పుకుంటాను. మీ కోర్సులో ఫిజియోథెరపిస్టులు కూడా చేరవచ్చని మీ ప్రకటనలో ఉంది. నన్ను చేర్చుకోవచ్చని మీకు అనిపిస్తే, మొదటి పాఠం నుంచి మళ్లీ చదువుతాను. థీసిస్‌కు వేరే అంశం ఎంచుకుంటాను. అందుకు నాకు ఇబ్బంది లేదు. నేను చూడాల్సిన కాళ్లు ఈ ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి.'

కింద తన పేరు, తన డిగ్రీ, తన ఫోన్ నంబర్ రాసింది. ఒకసారి చదువుకుంది. ఒక కామా తీసేసింది.

"పంపేముందు ఒకసారి చూస్తరా?" అని పిలిచింది. ఆ అవకాశం ఆయనకు ఇవ్వడం న్యాయమనిపించింది. ఆయన లేచి పది అడుగులు వస్తే చాలు.

"నేనెప్పుడన్న చూసిన్నా? పంపెయ్" అని స్నానాల గదిలోంచి కేక వినిపించింది.

పంపేసింది. లేచి పొయ్యి కట్టేసింది. శ్యాంసుందర్ తల తుడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"పంపినవా?"

"పంపిన."

"ఎవరు జేసిండ్రో సాఫ్ రాసినవా?"

"ఒక్క అనుమానం మిగలకుండ రాసిన" అంది విజయశ్రీ.

"శాబాష్" అన్నాడు.